సామాను గోడౌన్‌లో చెత్త, కరెంటు తగ్గించుకోవడం ఎలా?

పర్యావరణం అనగానే చాలామంది ముందు సోలార్ ప్యానెళ్లకు కొటేషన్ తెప్పిస్తారు. అద్దె తీసుకుని జనం ఇంటి సామాను దాచిపెట్టే గోడౌన్‌కు అది చివర్లో చేయాల్సిన పని. బెంగళూరుకో కువైట్‌కో వెళ్లే కుటుంబం బీరువా, మంచాలు, వంటపాత్రలు తెచ్చి మీ గదిలో పెట్టి, రెండేళ్ల తర్వాత తీసుకెళ్తుంది. ఈలోగా ఆ గదికి అయ్యే కరెంటు చాలా తక్కువ. అదే తేమకు ఉబ్బిపోయిన ప్లైవుడ్, చెదలు తిన్న మంచం, బూజు పట్టిన పరుపు అయితే నేరుగా చెత్తకుప్పకు చేరతాయి, వాటి చోట ఇంకో కొత్త మంచం, కొత్త పరుపు తయారవ్వాలి. కాబట్టి ముందు నేల, కప్పు, తేమ చూసుకోండి. తర్వాత అట్టపెట్టెలు, ఆ తర్వాత తుక్కు. సోలార్ సంగతి అన్నిటికన్నా ఆఖరున.

నేల: మన రాయలసీమ బండలే చాలు

షెడ్డు అద్దెకు తీసుకునే ముందు ఆ వీధిలో పాతకాలం నుంచి ఉన్నవాళ్లను ఒక్క మాట అడగండి: ఇక్కడికి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి? కర్నూలులో 2009 అక్టోబరు వరద గుర్తులు అందరికీ తెలుసు. తుంగభద్ర, హంద్రీ పక్కన ఉన్న పేటల్లో గానీ, కడపలో బుగ్గవంక దగ్గర గానీ అద్దె తక్కువని తీసుకున్న షెడ్డు ఒక్క రాత్రిలో మొత్తం సామాను పాడుచేస్తుంది. వాకిట్లో మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లే షెడ్డు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

లోపల సామాను నేలకు తగలకూడదు. దీనికి చెక్క ప్యాలెట్లు కొనేకన్నా బేతంచెర్ల, తాడిపత్రి, కడప పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలిపోయిన బండ ముక్కలు అడగండి. అంచు పగిలినవి, కొలత తప్పినవి వాళ్లు ఎలాగూ బయట కుప్పపోస్తారు. ప్రతి గదిలో ఇటుకలు పేర్చి, వాటి మీద ఈ బండలు పరిస్తే నాలుగైదు అంగుళాల ఎత్తు దిమ్మె తయారవుతుంది. బండకు చెద పట్టదు, నీళ్లు తగిలినా ఉబ్బదు. అయితే అది వంగదు, విరుగుతుంది. అంగుళం మందం బండకు రెండడుగులకు ఒక ఇటుక వరుస ఆధారం ఉండాల్సిందే. మధ్యలో వదిలేస్తే బీరువా కాలు మోపిన చోట పగులుతుంది. దిమ్మెకు, గోడకు మధ్య అడుగు ఖాళీ వదలండి. చెద గోడ వెంట మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తుంది, ఆ ఖాళీ ఉంటేనే టార్చి వేసి చూడగలరు.

చెక్క ప్యాలెట్లే దొరికితే వాటి పక్కన కాల్చి వేసిన ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి. పరుపులు, బట్టలు పెట్టే చోట వాటిని వాడకండి.

కప్పు: మిద్దెకు ఒక మందు, రేకులకు ఇంకో మందు

ఏప్రిల్, మేలో మన దగ్గర బయటే 42 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడికి ఫెవికాల్ అతుకులు ఊడిపోతాయి, ఫోమ్ గట్టిపడుతుంది, ఫోటో ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఏసీ పెట్టే ఆలోచన చేసేముందు కప్పుకు తెలుపు వేయండి.

స్లాబు మిద్దె అయితే సున్నం చాలు. వెయ్యి చదరపు అడుగులకు రెండు పూతలకు సుమారు 25 కిలోల సున్నం, 5 కిలోల తెల్ల సిమెంటు, కిలో నుంచి కిలోన్నర ఫెవికాల్ పడుతుంది. పద్ధతి ఇదీ:

1. రాళ్ల సున్నమైతే ముందురోజు ఇనుప డ్రమ్ములో నానబెట్టండి. ప్లాస్టిక్ డ్రమ్ము వద్దు, సున్నం ఉడికే వేడికి అడుగు మెత్తబడుతుంది. నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే చిమ్మి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి.
2. మర్నాడు గుడ్డతో వడకట్టి, చిక్కటి మజ్జిగలా ఉండేటట్టు నీళ్లు, ఫెవికాల్ కలపండి. తెల్ల సిమెంటు మాత్రం గంటలో వాడేంతే కలుపుకోవాలి, లేకపోతే బకెట్‌లోనే గట్టిపడుతుంది.
3. మిద్దె ఊడ్చి, పాచి గీకి, నీళ్లతో బాగా తడపండి. ఎండిన స్లాబు మీద వేస్తే అది సున్నంలోని నీటిని పీల్చేస్తుంది, పొడి రాలుతుంది. జనం సున్నం నిలవదు అనేది ఎక్కువగా ఇందుకే.
4. పొద్దున ఎనిమిదిలోపు లేదా సాయంత్రం ఐదు తర్వాత వేయండి. మొదటి పూత ఆరాక రెండోది అడ్డంగా కొట్టండి.

ఇది ఒక వేసవికి వస్తుంది. వానలకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేసుకోవాలి.

జింకు రేకుల మీద మాత్రం సున్నం వేయకండి. అది అంటుకోదు, పైగా తడి సున్నం జింకు పూతను తినేస్తుంది. రేకులకు వేడిని వెనక్కి కొట్టే తెల్ల అక్రిలిక్ పెయింటు రెండు పూతలు వేయించండి. తుప్పు పట్టిన చోట ముందు గీకి ప్రైమర్ కొట్టాలి. పాత సిమెంటు రేకులైతే ఇంకో జాగ్రత్త: వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా ఉన్నప్పుడు వాటిని బ్రష్‌తో రుద్దకండి, డ్రిల్లు వేయకండి, విరగ్గొట్టి చెత్తబండిలో వేయకండి.

గాలి, తేమ

గోడ కింది భాగంలో ఒక వైపు, పైభాగంలో ఎదురు వైపు కిటికీలు పెట్టి, వాటికి 5 మిల్లీమీటర్ల కన్నుల ఇనుప జాలీ బిగించండి. ఇంకా పెద్ద కన్నులైతే చిట్టెలుక దూరుతుంది. తీయడం, మూయడంలో కాలాన్ని బట్టి పద్ధతి మారుతుంది. వేసవిలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారే దాకా తెరిచి, పగలంతా మూయాలి. వానాకాలంలో దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి: రాత్రి మూసి, ఎండ కాసే మధ్యాహ్నం పూట తెరవాలి. ఏడాదంతా ఒకే టైము పెట్టుకున్న వాచ్‌మన్ జూలైలో తడిగాలిని తనే లోపలికి పిలుస్తాడు.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి గోడకు తగిలించండి. జూలై నుంచి అక్టోబరు దాకా రోజూ పొద్దున రీడింగ్ రాసుకోండి. 65 శాతం దాటి వారం రోజులు అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. రేకుల షెడ్డులో ఇంకో చిక్కుంది. వాన వెలిసిన రాత్రి రేకు చల్లబడి, లోపలి తేమ దాని అడుగున నీటి బొట్లుగా పట్టి సామాను మీద కారుతుంది. రేకు కారుతోందని మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించి డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. పైన గాలి బయటికి పోయే దారి ఉంటే చాలు, కారడం తగ్గుతుంది. గాలికి తిరిగే టర్బో వెంటిలేటరుకు కరెంటు అక్కర్లేదు.

డెజర్ట్ కూలర్ మాత్రం గోడౌన్‌లోకి రానివ్వకండి. అది చల్లబరిచేదే తేమ కలిపి.

సిలికా జెల్ పొట్లాలు పారేయక్కర్లేదు. నారింజ రంగువి తీసుకోండి, తేమ పట్టాక ఆకుపచ్చకు మారతాయి. వాటిని 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దాన్ని కొనకండి. ఏ రంగుదైనా వంటకు వాడే ఓవెన్‌లో పెట్టొద్దు.

లోపలికి రానివ్వకూడనివి

తలుపు దగ్గరే ఆపితే లోపల మందు కొట్టే పని సగం తగ్గుతుంది. బియ్యం, కందిపప్పు, విత్తనాల వేరుశనగ మూటలు, పచ్చళ్లు వద్దు. ఆవకాయ జాడీని పాత్రల సామాను అని రాసి పంపేవాళ్లు ఉంటారు, మూత తీసి చూడండి. గ్యాస్ సిలిండరు, పెట్రోలున్న బండి, పవర్ బ్యాంకులు, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ కూడా వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీని ఛార్జి లేకుండా నెలల తరబడి పెడితే అది ఎలాగూ చచ్చిపోతుంది, ఓనరుకే వెనక్కి ఇచ్చేయండి.

ఫ్రిజ్ లోపల పూర్తిగా తుడిచి, ఎండనిచ్చి, తలుపు సందులో గుడ్డ మడత పెట్టి కొంచెం తెరిచి ఉంచాలి. బిగించి మూసిన ఫ్రిజ్ తీసేరోజుకు నల్ల బూజు, వాసన. ఆ వాసనకే బాగున్న ఫ్రిజ్‌ను తుక్కుకు వేసేస్తారు.

మంచాలకు, సోఫాలకు ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టే అలవాటు మానిపించండి. చెక్కలో ఉన్న తేమ బయటికి పోలేక లోపలే బూజు కడుతుంది. పాత నూలు చీరలు, బొంతలు, దుప్పట్లు కప్పి పైన తాడు కట్టండి. వేపాకు వాడదలిస్తే నీడలో ఎండబెట్టి గుడ్డ సంచిలో వేసి, మూడు నెలలకోసారి మార్చండి. ఘాటు పోయిన వేపాకు ఉత్త చెత్తే. చెదలకు అది చాలదు, గోడ పునాది వెంట మందు పెట్టించాల్సిందే.

లైట్లు

పాత చోక్ ట్యూబ్‌లైటు 50 వాట్ల దాకా లాగుతుంది, ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లు. వరండాలో 20 ఎల్‌ఈడీలు పన్నెండు గంటలు వెలిగితే రోజుకు 4.8 యూనిట్లు. మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సార్ పెడితే, రోజుకు రెండు గంటల వాడకం అనుకుంటే, 0.8 యూనిట్లు.

సెన్సార్ కొనేటప్పుడు మాత్రం మన ఎండల్ని గుర్తుపెట్టుకోండి. చవకగా దొరికే పీఐఆర్ సెన్సార్ మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న గోడల వేడికీ తేడా చూసి పనిచేస్తుంది. మేలో షెడ్డు లోపల గోడలే ఒంటి వేడికి వచ్చేస్తాయి. ఆ తేడా చెరిగిపోయి మనిషి కిందనే నిలబడ్డా లైటు వెలగదు. రేకుల షెడ్డుకు కదలికను తరంగాలతో పట్టే మైక్రోవేవ్ రకం తీసుకోండి. దానికీ ఒక లోపం ఉంది. ప్లైవుడ్ గోడ అవతల ఎవరైనా కదిలినా పట్టేస్తుంది. ఇనుప రేకు పార్టిషన్ ఉంటే ఆ గొడవ లేదు. ప్లైవుడ్ అయితే సెన్సార్ మీదుండే స్క్రూ తిప్పి అది పట్టే దూరం తగ్గించుకోండి.

అట్టపెట్టెలు: తిరిగి వాడటంలో లెక్క

గోడౌన్‌లో పుట్టే చెత్తలో కంటికి ఎక్కువ కనిపించేది ఇదే. ఒకసారి వాడి గుజిరీ (పాత తుక్కు కొనే) అంగడికి వేస్తే కిలోల లెక్కన వచ్చేది చిల్లర. 5 ప్లై (ఐదు పొరల) పెట్టెను సరిగ్గా చూసుకుంటే మూడుసార్లు తిప్పొచ్చు.

పెట్టె అమ్మేటప్పుడే ధరలో సగం డిపాజిట్‌గా రాయండి. పెట్టె పొడిగా, చిరగకుండా తిరిగిస్తే ఆ డబ్బు అద్దెలో తగ్గించండి. డిపాజిట్ లేకుండా "దయచేసి తిరిగివ్వండి" అని బోర్డు పెడితే ఎవరూ ఇవ్వరు.

వెనక్కి వచ్చిన ప్రతి పెట్టెను ఇలా చూడండి. నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కండి. లోపలి మడతల అట్ట నలిగిపోయి ఉంటే వేలు మెత్తగా దిగుతుంది, అది బరువు మోయదు. తర్వాత అడుగు మూతలు విప్పి వాటి మడతల్లోకి చూడండి. గోధుమరంగు చిన్న గింజల్లాంటివి అతుక్కుని ఉంటే అవి బొద్దింక గుడ్ల సంచులు. ఒక్కో సంచిలో పది పైనే పిల్లలుంటాయి, ఒక పెట్టె చాలు గోడౌన్ అంతా నింపడానికి. అనుమానం ఉన్న పెట్టెల్ని ఏప్రిల్, మే మధ్యాహ్నం మిద్దె మీద పరిచి నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి నాలుగు గంటలు వదిలేయండి. లోపలి వేడికి పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. టార్పాలిన్ లేకుండా రోజుల తరబడి ఎండబెట్టకండి, అట్ట పెళుసెక్కి మడత దగ్గర తెగుతుంది.

పెట్టె వాడి వెనక్కి వచ్చిన ప్రతిసారీ అడుగు మూత మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టండి. ఎన్ని గీతలుంటే అన్నిసార్లు వాడినట్టు. ఒక గీత ఉన్నదానిలో 15 కిలోల లోపు, రెండు గీతలున్నదానిలో బట్టలు, దిండ్లు మాత్రమే. మూడు గీతలయ్యాక ముక్కలు కోసి సోఫా మూలలకు, అద్దాల మధ్యకు వాడండి. పుస్తకాలు ఎప్పుడూ చిన్న పెట్టెలోనే. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెట్టి అడుగు ఊడగొట్టుకోవడం రోజూ జరిగేదే.

బయట నుంచి పాత పెట్టెలు తెచ్చుకుంటే మందుల అంగళ్లు, టీవీ షోరూములు మంచివి. కిరాణా అంగడి పెట్టెలో బెల్లం వాసన, ఉల్లి మండీ దగ్గరి పెట్టెలో తడి ఉంటుంది, రెండూ వద్దు. మడిచిన పెట్టెలు 25 చొప్పున నారతాడుతో కట్టి దిమ్మె మీద పడుకోబెట్టండి, గోడకు ఆనించొద్దు.

పెట్టెలో ఖాళీలు నింపడానికి అనంతపురం వైపు వేరుశనగ పొట్టు చవకగా దొరుకుతుంది కదా అనిపిస్తుంది. వద్దు. అందులో మిగిలిన పలుకులకు ఎలుకలొస్తాయి, తేమ తగిలితే బూజు పడుతుంది. వరిగడ్డి కూడా అంతే. పింగాణీకి, గాజుకు పాత నూలుగుడ్డలే మేలు. న్యూస్ పేపరు చుడితే తెల్ల పింగాణీకి సిరా మరక పడుతుంది కాబట్టి లోపల ఒక తెల్ల కాగితం ఉండాలి.

వదిలేసిన సామాను

ఇది చట్టంతో ముడిపడిన పని, తొందరపడకండి. అద్దె బాకీ పడ్డారని సామాను అమ్ముకునే హక్కు మీకు దానంతటదే రాదు. దాచమని ఇచ్చిన వస్తువును సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 చెబుతుంది. అందుకే మొదటి రోజు అగ్రిమెంట్‌లోనే ఎన్ని నెలల బాకీకి ఏం చేస్తారో వకీలు చేత రాయించి, బంధువుల్లో ఇంకొకరి ఫోన్ నంబరు కూడా తీసుకోండి. గడువు దాటితే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపి, ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ గది తెరవండి.

తెరవగానే పక్కకు తీయాల్సినవి కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకాలు, సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, పెళ్లి ఆల్బమ్‌లు, బంగారం ఏదున్నా. వీటిని ఎప్పటికీ తుక్కుకు వేయొద్దు, జాబితా రాసి సీలు వేసి దాచండి. మిగతావి వకీలు సరే అన్నాకే కదపండి. పనికొచ్చే మంచాలు, పాత్రలు హాస్టళ్లకు, అనాథాశ్రమాలకు ఇస్తే రసీదు తీసుకోండి.

తుక్కును ముందే వేరుచేసి, మీ సొంత కాటా మీద తూచి ఉంచండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం, ఇనుము, స్టీలు విడివిడిగా. కలిపి వేస్తే అన్నిటికీ ఇనుము రేటే వస్తుంది. అయస్కాంతం ఒకటి దగ్గర ఉంచుకుంటే ఇత్తడి పూత వేసిన ఇనుము ఏదో తెలిసిపోతుంది. వైర్లను కాల్చి రాగి తీసేవాళ్లకు అమ్మకండి, ఆ పొగ విషం. పైతొడుగు ఒలిచి తీసేవాళ్లకే ఇవ్వండి, రాగి ధర కూడా ఎక్కువ పలుకుతుంది.

ఫ్రిజ్, ఏసీ, టీవీ, కంప్యూటర్లు గుజిరీ అంగడికి పోకూడదు. అక్కడ పైపు కోసేసరికి గ్యాసంతా గాల్లో కలుస్తుంది, కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ గ్యాసుకైతే నిప్పు కూడా అంటుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఒక్క టీవీ కోసం వాళ్లు ఇంత దూరం రారు. నాలుగైదు వస్తువులు పొడి గదిలో పోగుచేసి, పక్క అంగళ్లవాళ్లవి కూడా కలిపి ఒకేసారి పిలవండి. హార్డ్ డిస్కులు ఇచ్చేముందు తీసి, డ్రిల్లుతో రెండు మూడు రంధ్రాలు వేయండి. ఇన్వర్టర్ బ్యాటరీని బ్యాటరీ అంగడివాళ్లు ఎక్స్ఛేంజిలో తీసుకుంటారు, యాసిడ్ కాలువలో పారబోసి ఖాళీ డబ్బా ఇవ్వకండి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, విరగకుండా పాత అట్టగొట్టాల్లో పెట్టి ఈ-వ్యర్థాలతో కలిపి పంపండి.

పత్తి పరుపులకు దిగుల్లేదు. దూది ఏకే మిషన్ ఉన్నవాళ్లు తీసుకుని, ఏకి కొత్త పరుపు కుట్టేస్తారు. తడిసి నల్లబడిన దూది మాత్రం పనికిరాదు. ఫోమ్ పరుపులే అసలు తలనొప్పి. కొనేవాళ్లు తక్కువ, చోటు చాలా తింటాయి, కాలిస్తే విషపు పొగ. శుభ్రంగా ఉన్నవాటిని కోసి బీరువాల మధ్య, అద్దాల వెనక అడ్డంగా వాడుకోవచ్చు, అంతకుమించి దారులు తక్కువ. కాబట్టి గదిలో ఫోమ్ పరుపు పెట్టేవాళ్ల దగ్గర మొదట్లోనే చిన్న డిపాజిట్ తీసుకోండి, ఎవరి పరుపు వాళ్లు తీసుకెళ్తారు.

నీళ్లు, సోలార్

కప్పు మీద చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చొప్పున వేసుకున్నా, 200 చదరపు మీటర్ల షెడ్డుకు పారిపోయింది పోను 80 వేల లీటర్లు దాటుతాయి. గొట్టం కట్టి ఇంకుడుగుంతకు మళ్లించండి, మొదటి వాన నీళ్లను మాత్రం బయటికి వదలండి. గుంత గోడకు దూరంగా ఉండాలి, లేకపోతే పునాదిలో తేమ మీరే పెట్టినట్టు.

కిలోవాటు ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి, వంద చదరపు అడుగుల దాకా చోటు కావాలి. పైన చెప్పిన లైట్ల మార్పు చేశాక మూడు నెలల బిల్లులు చూసి, అప్పుడు ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి. ఒక్కో ప్యానెల్ పాతిక కిలోల దాకా ఉంటుంది, గాలి లాగే బలం వేరే. పాత షెడ్డు అయితే రేకుల కింది ఇనుప పట్టీలను వెల్డరు చేత ముందు చూపించండి. మిద్దెకు సున్నం కొట్టే రోజు ప్యానెళ్ల మీద గుడ్డ కప్పండి, సున్నపు మరక గాజు మీద ఎండితే గీకడానికి వీలుండదు.